గొలుసు నాకా తాళం

అచ్చంపేట నుంచి అమ్రాబాద్ గుట్టల మీదికి పోయే పాత అడవి బాటలో గొలుసు నాకా అనే జాగా ఒకటుంది. ఇప్పుడక్కడ నాకా లేదు, గొలుసూ లేదు. రెండు రాతి కంబాలు మాత్రం ఉన్నాయి... ఒకటి నిలబడి, ఒకటి పడిపోయి. పొద్దు గూకినంక ఆ కంబాల నడుమ నుంచి పోవాలంటే బండ్లవాళ్లు తోడు చూసుకునేవాళ్లు. గుట్ట దిగి వచ్చేవాళ్లకు తోడు దొరక్కపోతే నాకాకు ముందొచ్చే వాగు ఒడ్డునే ఎడ్లను విప్పి, మంట వేసుకుని తెల్లారేదాకా కూర్చునేవాళ్లు.

ఎందుకంటే అక్కడ ఎవరో మాట్లాడతారు.

రమ్మని పిలవరు. పేరు పెట్టి పిలవరు. ఒక్కటే మాట... మెల్లగా, చెవి పక్కనుంచి.

"తాళం తియ్యి."

నైజాం కాలంలో కలప గుత్తేదారు ఒకడు ఆ కంబాల నడుమ గొలుసు కట్టించి తాళం వేయించాడట. రాత్రిపూట కావలివాడు తాళం వేసుకుని ఊళ్లోకి పోయేవాడు. ఒక వానకాలం రాత్రి ఒక తల్లి, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను బండిలో వేసుకుని వచ్చింది. ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క లోయ. గొలుసు తీస్తే తప్ప బండికి దారి లేదు. ఎత్తుకుని నడుద్దామంటే ఎదిగిన పిల్ల. తెల్లవార్లూ ఆమె గొలుసు పట్టుకుని ఊపుతూ "తాళం తియ్యి... తాళం తియ్యి..." అని ఒర్రిందట. పొద్దున కావలివాడు వచ్చి చూస్తే ఎడ్లు ఉన్నాయి, బండి ఉంది, బండిలో బిడ్డ కట్టెలా బిగుసుకుపోయి ఉంది. తల్లి మాత్రం లేదు. లోయలో వెతికారు. అక్కడా లేదు.

అప్పటి నుంచీ ఆ చుట్టుపక్కల ఒక కట్టుబాటు. రాత్రి నాకా దాటాలంటే వెంట ఉన్న తాళాలన్నీ ముందే తీసేయాలి. పెట్టె తాళం, సంచి తాళం, ఏదైనా సరే. తాళం వేసి ఉన్నది ఒక్కటి కనబడినా ఆమె ఊరుకోదు. ఇంకో మూడు మాటలు కూడా చెప్పేవాళ్లు. ఆగొద్దు. బదులు పలకొద్దు. వెనక్కి తిరిగి చూడొద్దు.

ఇదంతా మారయ్య చెప్పిన సంగతి. అరవై రెండులో అడవిలో సర్వే క్యాంపు పడ్డప్పుడు మారయ్య అక్కడ వంటవాడు. వెంకటరాజానికి జరిగింది కూడా ఆయన చెప్పిందే. వెంకటరాజం తన నోటితో ఆయనకు, ఇంకొక్క మనిషికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

వెంకటరాజం చండూరు దిక్కు సాలెల పిల్లవాడు. ఇరవై ఆరేళ్లు. మగ్గం మీద కడుపు నిండక డ్రైవర్ పని నేర్చుకుని, క్యాంపులో రెండో డ్రైవర్‌గా చేరాడు. మహా జాగ్రత్త మనిషి. పొద్దున బండి ముట్టుకునే ముందు నూనె చూస్తాడు, నీళ్లు చూస్తాడు, చక్రాల బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో తడుముతాడు. నాలుగడుగులు పోయి మళ్లీ దిగి వచ్చి చూస్తాడు.

"ఏందిరా రాజం, రాత్రికి రాత్రి బోల్టులు లేచి ఊరికి పోయినయా?" అని మారయ్య ఎక్కిరించేవాడు.

"పోతే నీ వంట తినలేకనె పోతయి," అనేవాడు రాజం, తల ఎత్తకుండానే.

మొదటి డ్రైవర్ కాటమయ్య. నార్కట్‌పల్లి మనిషి. నలభై దాటాయి. భార్య హనుమమ్మ కూడా క్యాంపులోనే ఉండేది. పిల్లలిద్దరూ, తొమ్మిదేళ్ల అండాలు, ఆరేళ్ల లింగస్వామి, నార్కట్‌పల్లిలో అమ్మమ్మ దగ్గర. అడవిలో బడి లేదు, జ్వరాలు మాత్రం ఉన్నాయి. అందుకని కాటమయ్య వాళ్లను కొండ ఎక్కనివ్వలేదు. కాటమయ్యకు చదువు రాదు. ప్రతి ఆదివారం రాజాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలకు కార్డు రాయించేవాడు. చుట్టరికం లేకున్నా రాజాన్ని అల్లుడా అనేవాడు.

"రాయి అల్లుడ. నీళ్లు కాగబెట్టి తాగాలె. సడక్ దాటేటప్పుడు తమ్ముని చెయ్యి పట్టుకోవాలె. లారీ ఆగి ఉన్నా దాని ముందటికెల్లి పోవద్దు. రాసినవా?"

"పోయిన వారం కూడా గదే రాసిన మామ."

"పోయిన వారం మాట ఈ వారం దాకా యాదికుంటదా పిల్లలకు? రాయి."

ఆ క్యాంపులో ఒక జర్మనీ బండి ఉండేది. ఎత్తు చక్రాలు, ముందర ఇద్దరు కూర్చునే గది, వెనక తాడిపత్రి కప్పిన తొట్టి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోయేది. మామూలు జీపులు నడుముల దాకా కూరుకుపోయే చోట కూడా అది నిమ్మళంగా నడిచి పోయేది. రెండు సీట్ల నడుమ ఎర్ర గుండు ఉన్న చిన్న లీవర్ ఒకటి. దాని అసలు పేరు సర్వే సాహెబులకు తెలుసు. కాటమయ్య దాన్ని తాళం అనేవాడు. ఆయన అన్నాడని క్యాంపంతా అదే పేరు.

ఆ తాళం సంగతి రాజానికి ఆయనే నేర్పాడు. ఒకరోజు బురదలో బండిని కావాలనే దింపి, కిందికి దిగి చూడమన్నాడు. ఎడమ పక్క చక్రం గిరగిర తిరుగుతూ బురద చిమ్ముతోంది. కుడి పక్కది కదలకుండా కూర్చుంది.

"సమజైందా? మూల మలిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలె, లోపలిది తక్కువ పోవాలె. అందుకనె రెంటినీ ఇడిసిపెట్టిన్రు, ఎవని నడక వానిది. గట్టి నేల మీద మంచిగనె ఉంటది. బురదల పడ్డదనుకో, జారే చక్రమే ఉత్తగ తిరుగుతది. పట్టున్న చక్రం సప్పుడు చేయకుంట కూసుంటది. బలమంత జారేదానికే పాయె."

"మరి తాళం వేస్తె?"

"నాడె ఆడించిన చెయ్యి గదా నీది. మగ్గం మీద బట్ట చుట్టుకునే కర్ర ఒక కొన తిరిగితె రెండో కొన ఊకుంటదా?"

"ఊకుండదు మామ. రెండూ కలిసే తిరగాలె."

"గదే తాళం."

నాలుగు మాటలు చెప్పాడు. బురదలోకి, వాగులోకి దిగక ముందే ఆగి తాళం వేయాలి. చక్రం తిరుగుతుంటే వేస్తే లోపల పండ్లు విరుగుతాయి. వేసినాక ముక్కు సూటిగా పోవాలి. గట్టి నేల తగలగానే ఆగి తాళం తీయాలి.

"తియ్యకుంట మూల మలగాలని చూసినవనుకో, నువ్వు ఎటు తిప్పినా అది సూటిగనె పోతది. దానికి నీ మాట వినపడది. ఇంకో సంగతి. గట్టి నేల మీద నాలుగు గజాలు నడిచిందంటె తాళం బిగుసుకపోతది. అప్పుడు గుంజినా రాదు. అందుకె ఒడ్డు ఎక్కంగనె ఆగు. ఆగి తియ్యి."

రాజం ఆ మాటలను రోజూ మనసులో అనుకునేవాడు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. క్యాంపులో జ్వరాలు మొదలయ్యాయి. మొదట ఒక కూలీ పోయాడు. గాలయ్య అని, నారాయణపేట దిక్కు మనిషి. బాటలు మునిగి ఉండి శవాన్ని దింపలేక మద్దిచెట్ల కింద పూడ్చారు. పదిహేను రోజులకు అతని భార్య వచ్చింది. మట్టి దిబ్బ చూసి, దాని మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

అది కాటమయ్య చూశాడు. ఆ వారమే ఆయన కూడా పడుకున్నాడు.

మూడో రోజు జ్వరం కొంచెం దిగినప్పుడు రాజాన్ని, హనుమమ్మను దగ్గరకు పిలిచాడు.

"నన్ను గిక్కడ పెట్టకుర్రి. బతికి ఉన్నా సరె, లేకున్నా సరె... నా పిల్లలు నా మొఖం చూడాలె. మట్టి చూసుడు కాదు."

"ఏం మాటలు మామ గవి? చలిజరం ఎవలకు రాలె?" అన్నాడు రాజం.

"నువ్వు చెప్పు," అన్నాడు కాటమయ్య భార్యతో.

"చూపిస్త," అంది హనుమమ్మ. "మాటిస్తున్న. ఇగ పండుకో."

ఆరో రోజు ఆయనకు సోయి లేదు. పండ్లు గిట్టకరుచుకున్నాయి. కంపౌండర్ గోలీలు మింగించబోతే నీళ్లన్నీ పక్కకు కారిపోయాయి. "నా చేతిల లేదు. అచ్చంపేట దవాఖానకు తీసుకపోతే సూది మందు పడుతది," అన్నాడు. సాహెబులు జీపు తీసుకుని హైదరాబాద్ పోయి ఉన్నారు. ఉన్నది జర్మనీ బండి. దాన్ని నడపగలిగింది ఇద్దరే. ఒకడు మంచం మీద ఉన్నాడు.

అప్పటికే పొద్దు వాలింది.

"రాత్రిపూట గొలుసు నాకా దాటుతవారా?" అన్నాడు మారయ్య గొంతు తగ్గించి. "తెల్లారనియ్యి."

రాజం హనుమమ్మ వైపు చూశాడు. ఆమె మొగుని కాళ్లు రుద్దుతోంది. తల ఎత్తకుండానే అంది, "తెల్లారేదాకా ఉంటడా రాజం?"



తొట్టిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి కాటమయ్యను పడుకోబెట్టారు. హనుమమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్లలకు కుట్టించిన బట్టలున్న రేకు పెట్టె పక్కన పెట్టుకుంది. రాజం నూనె చూశాడు, నీళ్లు చూశాడు, బోల్టులు తడిమాడు. ఆ రోజు మారయ్య ఎక్కిరించలేదు. లాంతరు పట్టుకుని వెనకే తిరిగాడు.

"తాళాలు?"

రాజం ఒక్కొక్కటే తీశాడు. రేకు పెట్టెది తీసి బయట పడేశాడు. పనిముట్ల డబ్బాది తీశాడు. నూనె టాంకీ మూతది తీశాడు. తన చొక్కా జేబు తడుముకున్నాడు. హనుమమ్మను అడిగాడు, "అత్తా, నీ దగ్గర ఇంకేమన్న తాళం ఉన్నదా?"

"లేదు బిడ్డ."

"మూడు తీసిన," అన్నాడు మారయ్యతో. "ఇంకేం లెవ్వు."

"ఆగకు," అన్నాడు మారయ్య. "పలకకు. ఎన్కకు చూడకు. పైలం."

వాన వెలిసింది కానీ చెట్లు కురుస్తూనే ఉన్నాయి. లైట్ల ముందు బాట ఎర్రటి జావలా మెరుస్తోంది. రాజం మెల్లగా నడిపాడు. వెనక తొట్టికీ తనకూ నడుమ చిన్న కిటికీ, దానికి అద్దం లేదు. మొదట్లో ప్రతి గుంతకూ హనుమమ్మ గొంతు వినబడేది. "జర మెల్లగ రాజం... ఆయన తల ఊగుతాంది."

కొంత దూరం పోయాక ఆ గొంతు ఆగిపోయింది.

బండి ఒక పెద్ద గుంతలో ఎగిరి పడింది. వెనక నుంచి మాట లేదు.

"అత్తా? మామ ఎట్లున్నడు?"

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"పండుకున్నడు," అంది హనుమమ్మ. "నువ్వు నడుపు. ఎక్కడ ఆపకు."

ఆ గొంతు మామూలుగానే ఉంది. రాజానికి కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకో పది నిమిషాలకు వాగు చప్పుడు వినబడింది.

ఒడ్డున బండి ఆపాడు. నీళ్లు ఎర్రగా, బరువుగా పోతున్నాయి. అవతలి ఒడ్డు బురద, దాని పైన బండ. బండ మీద లైటు పడితే నిలబడ్డ కంబం కనబడింది... పడుకున్న కంబం కనబడింది.

ఎర్ర గుండు పట్టుకుని లీవర్ ముందుకు నెట్టాడు. కింద ఎక్కడో ఇనుము ఇనుములో కూర్చున్న చప్పుడు. తాళం పడింది.

బండి వాగులో దిగింది. నీళ్లు ముందు కమ్మీ దాకా వచ్చాయి. రాజం కాలు కదపలేదు, చెయ్యి తిప్పలేదు. ముక్కు సూటిగా పోనిచ్చాడు. నాలుగు చక్రాలూ ఒక్క అడుగులా పడుతున్నాయి. నడి వాగులో ఒకసారి బండి పక్కకు జరిగినట్టయింది. మళ్లీ పట్టుకుంది. అవతలి బురదలో మూతి పైకెత్తింది, ఎక్కింది... ఎక్కి, బండ మీదికి వచ్చింది.

కంబాలు రెండూ ఎదురుగా ఉన్నాయి.

ఒడ్డు ఎక్కగానే ఆగు అని చెప్పాడు కాటమయ్య. ఆగకు అని చెప్పాడు మారయ్య.

రాజం కాలు బ్రేకు మీదికి పోయింది. ఆ కంబాల నడుమ చీకటి ఎట్లా ఉందంటే, అక్కడ ఆగితే ఆ చీకటి లోపలికి ఎక్కి కూర్చుంటుందనిపించింది. యాభై గజాల దూరంలో మలుపు. ఆ మలుపు దాటితే నాకా వెనకపడిపోతుంది. దాటినాక ఆగుదాం అనుకున్నాడు. యాభై గజాలే కదా. కాలు బ్రేకు మీద నుంచి తీశాడు.

కంబాల నడుమకు వచ్చింది బండి.

"తాళం తియ్యి."



బయట గాలి లేదు. ఇంజను మోతలో అంత మెల్లని మాట వినబడకూడదు. కానీ వినబడింది. గాలికి పోయే మాటలా కాదు... పక్కన మనిషి ఉన్నట్టే.

పలకొద్దు. చూడొద్దు. ఏ తాళం మరిచిపోయాను? పెట్టెది తీసిన. డబ్బాది తీసిన. టాంకీది తీసిన. మూడూ తీసిన తల్లీ... మూడూ తీసిన...

"తాళం తియ్యి, రాజం."

పేరు పెట్టి పిలవదు అన్నారే! ఒక చేత్తో జేబులు తడుముకున్నాడు. బీడీ కట్ట, అగ్గిపెట్టె, తడిసిన కార్డు ముక్క. తాళం లేదు. ఏ తాళమూ లేదు. ఇంకేం తీయాలి? కాలు బలంగా నొక్కాడు. బండి ఊపందుకుంది. కింద ఏదో కిర్రుమంటోంది. చక్రాలు బండను గీరుతున్నాయి, ఎవరో పండ్లు కొరుకుతున్నట్టు. ఆ చప్పుడు కూడా ఆమెదే అనుకున్నాడు.

మలుపు వచ్చింది. కుడికి బాట, ఎడమకు లోయ. స్టీరింగ్ కుడికి తిప్పాడు.

బండి తిరగలేదు.

రెండు చేతులతో, భుజాల బలమంతా పెట్టి తిప్పాడు. చక్రాలు కుడికి చూస్తున్నాయి, బండి మాత్రం సూటిగా పోతోంది. ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టు... ముక్కు సూటిగా, లోయ దిక్కు.

"అల్లుడ..."

రాజానికి అప్పుడు తెలిసింది.

ఆ పిలుపు ఒక్కడిదే. లోకంలో ఒక్క మనిషి అతన్ని అట్లా పిలుస్తాడు. చూపు కిందికి పోయింది. లైటు మసక వెలుగులో ఎర్ర గుండు, ముందుకు నెట్టి, నెట్టినట్టే ఉంది.

బ్రేకు తొక్కాడు. లీవర్ పట్టుకుని గుంజాడు. రాలేదు. బిగుసుకుపోయింది. రెండు చేతులతో గుంజాడు. తడి బండ మీద బండి జారుతూనే ఉంది. ఎడమ ముందు చక్రం కింద నేల లేకుండా పోయింది.

అంతా వంగింది. రాజం పక్క తలుపు దానంతట అదే తెరుచుకుంది, అతను బయటికి ఎగిరి పడ్డాడు. బండ మీద భుజం విరిగిన చప్పుడు అతనికే వినబడింది. తల ఎత్తేసరికి బండి ఒక్క క్షణం అంచు మీద ఊగింది. తరవాత పోయింది. లైట్లు మాత్రం ఆరలేదు. వెలుగుతూనే, చెట్ల నెత్తుల మీదుగా, రాళ్ల మీదుగా... కింద వాగు నీళ్లలో కాసేపు పచ్చగా కనబడి, అప్పుడు ఆరాయి.

హనుమమ్మ బాట మీద పడి ఉంది. తొట్టి వంగినప్పుడు వెనక నుంచి జారి పడింది. చేతులు రెండూ ఇంకా తల ఒళ్లో పెట్టుకున్నట్టే వంచి ఉన్నాయి. ఆమె ఏడవలేదు. లోయ దిక్కు చూస్తూ ఒక్క మాట అంది.

"పిల్లలకేం చూపియ్యాలె నేను?"

నాలుగు రోజులకు వాగు ఉరవడి తీసింది. పక్క గూడెంవాళ్లు తాళ్లు కట్టుకుని దిగారు. బండి చక్రాలు పైకి పెట్టి ఇసుకలో ఉంది. రేకు పెట్టె దొరికింది, అందులో ఏమీ లేదు. కాటమయ్య దొరకలేదు. ఆరు మైళ్ల దాకా రెండు ఒడ్లూ వెతికారు. దొరకలేదు.

సాహెబులు వచ్చి చూశారు. లీవర్ ముందుకే ఉందని రాసుకున్నారు. దయ్యమూ లేదు గియ్యమూ లేదు, డ్రైవర్ తప్పు అన్నారు. రాజం కాదనలేదు. భుజానికి కట్టుతో పొయ్యి ముందు కూర్చుని మారయ్యకు చెప్పాడు.

"నాకు తెలుసు మారన్నా. వెనకకెల్లి మామనె చెప్పిండు. పండుకున్నా చక్రాల సప్పుడుకే తెలిసింది ఆయనకు. సోయి రాంగనె మూడు సార్లు చెప్పిండు. నేను దయ్యమనుకున్న. బతికి ఉన్న మనిషి చెప్పిన మాటను దయ్యం మాట అనుకొని చంపిన."

మారయ్య పొయ్యి ఎగదోశాడు.

"కడుపుల పెట్టుకో," అన్నాడు. "ఆమెకు చెప్పకు. చెప్తె నీకు పాణం నిమ్మళమైతది. ఆమెకు ఏమైతది?"

రాజం పది రోజులు కడుపులో పెట్టుకున్నాడు. నిద్ర లేదు, తిండి లేదు. మగ్గం పనిలో ఒక్క పోగు తప్పు పడినా నేసిన జానెడూ విప్పి మళ్లీ నేసే రకం మనిషి. ఇది విప్పడానికి లేదు. అయినా పదకొండో రోజు బస్సెక్కి నార్కట్‌పల్లి పోయాడు.

నాలుగు బాటలు కలిసే చోట బస్సు దిగేసరికి, హోటలు అరుగు మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. పక్కన చిన్న పిల్లవాడు, వాడి చెయ్యి ఆమె చేతిలో ఉంది. వచ్చిన ప్రతి లారీ ముందు గది లోపలికి చూస్తోంది. రాజం ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదు, కానీ గుర్తుపట్టాడు.

"అండాలూ..."

"నువ్వు కార్డులు రాసే మామవా?" అంది పిల్ల. విరిగిన భుజం వైపు చూసింది. "మా బాపు పొయ్యిండని అందరు అంటున్నరు. నువ్వు చూసినవా?"

లోయ కింద శవాన్ని రాజం చూడలేదు. మొఖం చూడలేదు.

"చూడలె," అన్నాడు.

"నేను చెప్పలేదారా?" అంది అండాలు తమ్ముడితో. "ఎవ్వలు చూడలె." మళ్లీ లారీల దిక్కు తిరిగింది.

హనుమమ్మ ఇంటి ముందు గోలెంలో నీళ్లు పోస్తోంది. రాజాన్ని చూసి బిందె దింపింది. కూర్చోమంది. అతను కూర్చోలేదు. ఆమె కాళ్ల ముందు నేల మీద చూస్తూ, దారి పొడుగునా కూర్చుకుని వచ్చిన మాటలను ఒక్క బిగిన అనేశాడు. ఒడ్డున ఆగకపోవడం, మూడు తాళాలు తీసి నాలుగోది మరిచిపోవడం, వెనక నుంచి మామ చెప్పడం, తను దయ్యమనుకోవడం.

"మామను నేనే చంపిన అత్తా."

హనుమమ్మ తలుపు దగ్గరికి వేసి వచ్చింది. లోపల ఆమె ముసలి తల్లి దగ్గుతోంది.

"నువ్వు చంపలె," అంది మెల్లగా. "మీ మామ వాగు కాడికి రాకముందె పోయిండు."

రాజానికి అర్థం కాలేదు.

"ఎట్లున్నడని నువ్వు అడిగినవు సూడు... అప్పటికి కొంతసేపైంది. నా ఒళ్లెనె పోయిండు. చెప్తె నువ్వు బండి ఎన్కకు మలుపుదువు. పీనుగను పెట్టుకొని రాత్రిపూట నాకా ఎవలు దాటుతరు? తెల్లారినంక వాళ్లు గా మద్దిచెట్ల కిందనె పెడుదురు. పిల్లలకు మొఖం చూపిస్తనని మాటిచ్చిన గదా రాజం. అందుకె నోరు మూసుకున్న. వాగు దాటినంక చెప్దామనుకున్న. నేను చెప్పలె, నువ్వు ఆగలె... ఇద్దరం కలిసి ఆయనను పిల్లలకు కాకుంట చేసినం."

గోలెంలో నీళ్లు ఇంకా ఊగుతున్నాయి. రాజం వాటి వైపే చూస్తున్నాడు. గుండె మీద పది రోజులుగా ఉన్న బండ ఒక్క పక్కకు జరిగినట్టయింది. జరిగి, ఇంకో పక్క పడింది.

"మరి నేను విన్నదేంది అత్తా? ఒట్టిగనె విన్ననా?"

హనుమమ్మ వీధి దిక్కు చూసింది. ఎవరూ లేరు. అయినా దగ్గరికి జరిగింది.

"నేను గూడ విన్న."

రాజం తల ఎత్తాడు.

"మూడు సార్లు. ఆయన గొంతె. లేచిండనుకున్న రాజం. సంబురంతోటి వంగి నోటి కాడ చెవి పెట్టిన. పెదవులు సల్లగున్నయి. దవడకు నేను కట్టిన గుడ్డ, కట్టినట్టె ఉన్నది."

ఆమె గొంతు ఇంకా తగ్గింది.

"ఆ మాట నా ఒళ్లెకెల్లి రాలె. కిటికీలకెల్లి చూసిన... నీ పక్క సీట్లకెల్లి వచ్చింది."